మొక్కలకు పేరు పెట్టిన రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులో జన్మించారు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోట చేరారు. అక్కడ తోట పెంచుతూ, మన తీరప్రాంతపు మొక్కలను చిత్రకారులతో గీయించి, తెలుగు పేర్లతో సహా నమోదు చేశారు. 1793లో కలకత్తా తోటకు వెళ్లారు.

మన వరిచేలలో పసుపు పువ్వు, దాని కిందనే సన్నని కాయ ఉండే కలుపు మొక్క ఒకటుంది. అది పూలతోటల్లో పెంచే ఈవినింగ్ ప్రైమ్‌రోజ్ కుటుంబానిదే. దానికి ఆయన లుడ్విజియా పార్విఫ్లోరా అని పేరు పెట్టారు. కానీ 1753లోనే లిన్నేయస్ ఇచ్చిన లుడ్విజియా పెరెన్నిస్ అనే పేరే నిలిచింది. మొక్కను పోల్చుకోవడం అంతటి పండితుడికే కష్టమైంది! 1815లో ఆయన ఎడిన్‌బరోలో కన్నుమూశారు.

మొవ్వ చేలల్లో కలుపు తీసే మా అమ్మలకూ ఎన్నో మొక్కల పేర్లు తెలుసు. అవి వాళ్లతోనే పోకుండా సెలవుల్లో అడిగి రాసుకుందాం.