నాదానికి బలమిచ్చిన రేడియో మెకానిక్: లియో ఫెండర్

పత్తికొండ పాఠకులకు పరదేశీయుని జీవితచరిత్ర అనగానే 1827లో ఇక్కడ కలరా సోకి కన్నుమూసిన సర్ థామస్ మన్రో స్ఫురించడం సహజం. మేము ఎన్నుకొన్న వ్యక్తి మన దేశాన్ని పాలించినవాడు కాదు. అయినా ఉరుసులో ఖవ్వాలీకి, జాతరలో నాటకానికి మైకుసెట్టు కట్టే మెకానిక్కులున్న ఊళ్ళలో ఆయన కథకు చోటుండాలని మా అభిప్రాయం. ఆయన కూడా తొలుత అటువంటి మెకానిక్కే.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియాలో, నారింజ తోటలు పెంచే రైతు కుటుంబంలో జన్మించారు. చిన్ననాటనే కంతి కారణంగా ఒక కన్ను పోయి, దాని స్థానంలో గాజు కన్ను అమర్చవలసి వచ్చింది. మోటారు విద్యుత్ పనులు చేసే బంధువు పంపిన పాత రేడియో భాగాలు ఆ బాలునికి ఆటవస్తువులైనవి. కళాశాలలో మాత్రం ఆయన చదివినది గణకశాస్త్రం. ఆర్థిక మాంద్యం రోజులలో లెక్కల ఉద్యోగం ఊడగా, 1938లో అప్పు తెచ్చి ఫుల్లర్టన్ పట్టణంలో రేడియో మరమ్మతు దుకాణం తెరిచారు. (మన ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పినది ఆ సంవత్సరమే.) రేడియోలు బాగుచేయడంతోపాటు సభలకూ నృత్యశాలలకూ లౌడుస్పీకరు సెట్లను తయారుచేసి అద్దెకిచ్చేవారు. పాడైన ఆంప్లిఫైయర్లు వందల సంఖ్యలో ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఏ భాగం ఎందుకు కాలుతున్నదో, ఏ టంకం ఎక్కడ ఊడుతున్నదో ఆయనకు ఆ బల్లయే నేర్పింది.

విచిత్రమేమంటే గిటారు ప్రపంచాన్ని మార్చిన ఈ మనిషికి గిటారు వాయించడం రాదు. వాయించేవారిని పిలిచి, వారి ఫిర్యాదులను శ్రద్ధగా విని, మరునాటికి మార్పు చేసి చూపేవారు. 1946లో సొంత కర్మాగారం స్థాపించారు. 1951 నాటికి టెలికాస్టర్ గిటారు, 1954లో స్ట్రాటోకాస్టర్ వెలువడినవి. వాటి మెడను జిగురుతో అతికించక స్క్రూలతో బిగించారు. చెడిన మెడను విప్పి మరొకటి వేసుకోవచ్చునన్నదే అందులోని యుక్తి. ఇది మరమ్మతుదారుని బుద్ధి.

ఆ బుద్ధి సంపూర్ణంగా కనిపించేది ఆయన గిటార్లలోకంటె చాంప్ అనే చిన్న ఆంప్లిఫైయరులోనని మేము భావిస్తున్నాము. 1950 దశకపు చాంపులో ఉన్నది ఒకే మార్గం, ఒకే వాల్యూము బిరడా, మూడే వాల్వులు. గిటారు తీగ కంపించినపుడు దాని క్రింది అయస్కాంతపు చుట్టలో పుట్టే విద్యుత్తు అత్యల్పం. దానిని 12ఏఎక్స్7 వాల్వులోని మొదటి సగం పెంచుతుంది. అది వాల్యూము కంట్రోలు గుండా సాగి అదే వాల్వులోని రెండవ సగంలో మరల పెరుగుతుంది. ఆపైన 6వి6 వాల్వు దానికి శక్తినిచ్చి, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా ఎనిమిది అంగుళాల స్పీకరును కదిలిస్తుంది. 5వై3 వాల్వు పని ఏసీ విద్యుత్తును డీసీగా మార్చడం మాత్రమే. వెలువడే శక్తి సుమారు 5 వాట్లు. రెసిస్టర్లను, కండెన్సర్లను ఒక ఫైబరు పలకపై వరుసగా పేర్చి చేతితో టంకం పెట్టేవారు. పని చేసిన స్త్రీలలో కొందరి పేర్లు చిన్న టేపుముక్కపై వ్రాసి లోపల అంటించి ఉండేవి. ఎవరు తెరిచినా వలయం ఆద్యంతం కంటికి కనిపిస్తుంది.

1963లో వచ్చిన ట్విన్ రివర్బ్ ఇందుకు భిన్నం. రెండు మార్గాలు, ప్రతిధ్వని, స్వరపు ఊగు, 85 వాట్లు, పది వాల్వులు. అది గొప్ప యంత్రమే, సందేహం లేదు. అయితే రెండు మార్గాలు రెసిస్టర్ల ద్వారా ఒకచోట కలిసినపుడు ఒకదాని సంకేతం కొంత రెండవదానిలోకి జారిపోతుంది. ఊగును నియంత్రించే భాగం వాడనపుడు కూడా సంకేతానికి భారమే. అందుచేతనే తరువాతి తరాల మెకానిక్కులు ఇటువంటి యంత్రాలలో ఒక మార్గాన్నీ, ఊగునూ, ప్రతిధ్వనినీ తొలగించి, మిగిలినదానిని చేతితో తిరిగి కట్టుకొనసాగారు. నాదం నిండుగా వస్తుంది. కాని తీసివేయడం తేలిక అని భ్రమపడరాదు. సంకేతబలం పెరిగినకొద్దీ తీగల అమరికలో పొరపాటుంటే ఈల, గుర్రుమను శబ్దం పుడతాయి. మా భౌతికశాస్త్ర విద్యార్థులకు మరొక మాట: వాల్వు యంత్రంలో వందల వోల్టులుంటాయి, స్విచ్చి ఆపిన తరువాత కూడా కండెన్సర్లలో అవి నిలిచి ఉండి ప్రాణం తీయగలవు. గురువు ప్రక్కన లేనిదే అందులో చేయి పెట్టవద్దు.

ఫెండర్ వలయాలు ఖండాంతరాలకు వ్యాపించినవి. 1962లో లండనులో జిమ్ మార్షల్ దుకాణంవారు ఫెండర్ బాస్‌మాన్ ఆంప్లిఫైయరును నమూనాగా తీసుకొనే తమ మొదటి యంత్రాన్ని తయారుచేశారు.

ఇంతలో ఫెండర్‌ను దీర్ఘకాలపు సైనస్ వ్యాధి పట్టి పీడించింది. ఇక బ్రతకనన్న నిశ్చయంతో 1965 జనవరిలో సంస్థను సి.బి.ఎస్. కంపెనీకి 13 మిలియన్ డాలర్లకు అమ్మివేశారు. పది సంవత్సరాలు పోటీ వ్యాపారం చేయరాదన్నది షరతు. ఆ తరువాత మరొక వైద్యుని చికిత్సతో వ్యాధి నయమైంది! బ్రతుకు తిరిగి దక్కినది గాని, తన పేరు మీది కర్మాగారం పరులదైపోయింది. కొత్త యజమానులు తెచ్చిన ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయర్లు నిలువలేదు. వాల్వు యంత్రాలకు వాట్లూ బిరడాలూ పెరిగినవే తప్ప వాయించేవారి మెప్పు పెరగలేదు. వారు 1965కు ముందరి పాత యంత్రాలను వెదకి కొనసాగారు. సి.బి.ఎస్. 1985లో ఆ సంస్థను వదులుకొన్నది.

గడువు తీరగానే ఫెండర్ మరల పనిలో దిగారు. మొదట మ్యూజిక్ మాన్, పిదప జి అండ్ ఎల్ సంస్థలలో కొత్త వాద్యాలను రూపొందించారు. 1979లో భార్య ఎస్తర్ మరణించారు. పార్కిన్‌సన్ వ్యాధి వలన చేతులు వణకుచున్నా ప్రయోగశాలకు పోవడం మానలేదు. 1991 మార్చి 21న తుదిశ్వాస విడిచారు. ఆయన బల్ల, పనిముట్లు, సగం ముగిసిన పనులు ఉన్న ఆ గదిని జి అండ్ ఎల్ వారు చాలాకాలం ఉన్నదున్నట్లే భద్రపరిచారు.