ఉక్కు వంతెన కట్టిన జేమ్స్ ఈడ్స్

ఈసారి మన గోడ పత్రికలో ఒక ఇంజనీరు గారి జీవిత చరిత్ర రాస్తున్నాము. ఆయన పేరు జేమ్స్ బుకానన్ ఈడ్స్. అమెరికా దేశస్థుడు. పదమూడేళ్ళకే బడి మానేసినవాడు ప్రపంచంలో మొట్టమొదటి పెద్ద ఉక్కు వంతెన ఎలా కట్టాడో చదవండి.

చిన్నతనం

ఈడ్స్ 1820 మే 23న ఇండియానా రాష్ట్రంలోని లారెన్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రికి ఏ వ్యాపారమూ కలిసి రాలేదు. 1833లో తల్లి, పిల్లలు స్టీమరెక్కి మిసిసిపీ నది ఒడ్డున ఉన్న సెయింట్ లూయిస్ పట్టణానికి వచ్చారు. సరిగ్గా రేవు చేరేసరికి స్టీమరుకు నిప్పంటుకుంది. ప్రాణాలైతే దక్కాయి గాని సామానంతా బూడిదయింది.

ఇల్లు గడవాలి కదా! ఈడ్స్ బడి మాట మరచిపోయి వీధుల్లో ఆపిల్ పళ్ళు అమ్మాడు. తర్వాత ఒక బట్టల కొట్లో పనికి కుదిరాడు. కొట్టు యజమాని దగ్గర చాలా పుస్తకాలు ఉండేవి. కుర్రాడి ఆసక్తి చూసి ఆయన చదువుకోనిచ్చాడు. పగలు పని, రాత్రి చదువు. లెక్కలు, యంత్రాల సంగతులు అన్నీ అలాగే నేర్చుకున్నాడు.

నది అడుగున

ఆ రోజుల్లో మిసిసిపీలో స్టీమర్లు తరచుగా మునిగిపోయేవి. వాటిలోని సరుకు పైకి తీస్తే మంచి డబ్బు. 22 ఏళ్ళ వయసులో ఈడ్స్ ఆ పనిలోకి దిగాడు. నీటిలోకి దిగడానికి గంట ఆకారంలో ఒక పరికరం తయారు చేసుకున్నాడు. మనం చెంబును బోర్లించి బకెట్ నీళ్ళలోకి నొక్కితే లోపలికి నీరు పూర్తిగా రాదు కదా, గాలి ఉండిపోతుంది. అదే సూత్రం. అందులో కూర్చుని ఈడ్స్ ఎన్నోసార్లు నది అడుగున నడిచాడు. అక్కడ ఒక సంగతి కనిపెట్టాడు. వరద వచ్చినప్పుడు పైన నీరే కాదు, అడుగున ఇసుక కూడా కొట్టుకుపోతుంది. ఇసుక మీద నిలబెట్టింది ఏదీ నిలవదని అప్పుడే తెలుసుకున్నాడు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ప్రభుత్వానికి ఇనుప రేకులు తొడిగిన యుద్ధ నౌకలు కట్టి ఇచ్చి పేరు తెచ్చుకున్నాడు.

వంతెన

యుద్ధం అయ్యాక సెయింట్ లూయిస్ వాళ్ళకు నది మీద వంతెన కావలసి వచ్చింది. ఆ పని ఈడ్స్ చేతికి వచ్చింది. అంతకు ముందు ఆయన ఒక్క వంతెన కూడా కట్టలేదు. వల్ల కాదని చాలామంది పెదవి విరిచారు. 1867లో పని మొదలైంది.

విల్లులా వంగిన మూడు ఆర్చీలు. నడిమిది 520 అడుగులు, అటూ ఇటూ 502 అడుగులు. పైన బండ్లకు, మనుషులకు రోడ్డు, కింద రైలు. ఆర్చీ మీద పడ్డ బరువు వంపు వెంబడి జారి రెండు చివరల స్తంభాలను నెడుతుంది. అందుకే స్తంభాలు బండ రాతి మీద నిలవాలని ఈడ్స్ పట్టుబట్టాడు. ఇనుము చాలదని ఉక్కు కావాలన్నాడు. ముక్క ముక్కకూ పరీక్ష పెట్టి, తప్పినవి నిర్మొహమాటంగా వెనక్కి పంపేవాడు.

స్తంభాల కోసం అడుగు లేని పెద్ద ఇనుప పెట్టెలను నదిలోకి దింపారు. నీరు రాకుండా లోపలికి గాలిని గట్టిగా కొట్టేవారు. కూలీలు అందులో దిగి ఇసుక తవ్వేవారు. లోతు పెరిగినకొద్దీ గాలి ఒత్తిడి పెరిగింది. పైకి వచ్చినవాళ్ళకు కీళ్ళ నొప్పులు, కాళ్ళు చచ్చుబడడం మొదలయ్యాయి. 1870లో చావులు మొదలయ్యాయి. పది మందికి పైగా కూలీలు చనిపోయారు. చూడడానికి దిగిన డాక్టరు జామినే గారికి కూడా పైకి త్వరగా వచ్చినందువల్ల కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ఆయన బతికి బయటపడ్డాడు. పని గంటలు తగ్గించి, నియమాలు పెట్టాక తర్వాతి స్తంభం ఇంకా లోతుకు వెళ్ళినా చావులు బాగా తగ్గాయి. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నత్రజని, మనిషి తొందరగా పైకి వస్తే బుడగలు కడుతుందని 1878లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ రుజువు చేశాడు.

పడవల రాకపోకలకు అడ్డం కాకుండా నదిలో సారువ కట్టకుండానే రెండు వైపుల నుంచి ఆర్చీని గాలిలో పెంచుకుంటూ వచ్చారు. 1873 సెప్టెంబరులో నడుమ కలపబోతే ఎండకు ఉక్కు సాగి ఆఖరి ముక్క పట్టలేదు. ఐసు గడ్డలు కప్పినా లాభం లేకపోయింది. అయితే ఇలాంటిది రావచ్చని ఈడ్స్ ముందే మరలు తిప్పి పొడవు సరిచేసే ముక్క తయారు చేయించాడు. దానితో ఆర్చీ కలిసింది.

బలం లేని చోట ఏనుగు అడుగు పెట్టదని అక్కడి జనం నమ్మకం. అందుకని 1874 జూన్‌లో ఒక ఏనుగును వంతెన మీద నడిపించారు. అది జంకకుండా దాటేసింది. తర్వాత 14 రైలింజన్లు ఎక్కించి చూశారు. 1874 జూలై 4న వంతెన తెరిచారు. మరుసటి ఏడే వంతెన కంపెనీ దివాలా తీసింది, వంతెన మాత్రం చెక్కుచెదరలేదు.

ఈడ్స్ 1887 మార్చి 8న బహామాస్ దీవుల్లోని నసావులో కన్నుమూశాడు. ఆయన పేరు పెట్టిన ఆ వంతెన మీద నేటికీ రైళ్ళు, కార్లు తిరుగుతున్నాయి.

మిత్రులారా! బడి లేకపోయినా దొరికిన పుస్తకాన్ని ఈడ్స్ వదల్లేదు. మనకు బడీ ఉంది, పుస్తకాలూ ఉన్నాయి. ఇంకొక మాట. వంతెనకు ఈడ్స్ పేరు ఉంది, పెట్టెల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కూలీలను తలుచుకునేవాళ్ళు తక్కువ. రేపు మనలో ఎవరైనా ఇంజనీరు అయితే, పనిలోకి దిగేవాడు క్షేమంగా పైకి వచ్చే దారి ముందు చూసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.