దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు

తిరుపతి వేంకటకవుల పేరు వినని యాంధ్రులు అరుదు. ఆ పేరున మొదట నిలిచిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిని గూర్చి రెండు మాటలు చెప్పగలవారు మన బ్రాహ్మణ సంఘమునందే నేడు కొలదిమంది. తిరుపతి యను నూరిలో వేంకటకవి యనునొకరుండెడివారని తలంచు విద్యావంతులను సైతము మేము చూచియున్నాము! ఈ మహాసభా సంచికలో వారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయబూనుటకు నిదియే కారణము.

శాస్త్రిగారు 1872లో భీమవరము చేరువనున్న యెండగండి గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటావధానులుగారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిని వ్యాకరణము చదువుకాలమున, తమకంటె రెండేండ్లు పెద్దవారగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారితో స్నేహము కుదిరెను. పిమ్మట నిరువురును జంటగా నవధానములు చేయుచు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి, పిఠాపురము మున్నగు సంస్థానములకేగి సన్మానములందిరి.

శతావధానమన సామాన్యము గాదు. నూర్గురు పృచ్ఛకులు వేర్వేరు విషయములీయగా నొక్కొక్కరికి నొక్కొక్క చరణము చొప్పున నాలుగావృత్తులలో పద్యములు పూరించి, కడపట నన్నింటిని వరుసగా నప్పగింపవలెను. ఈ జంటలో నొకరెత్తిన పద్యమును వేరొకరందుకొనెడివారు. అందువలన నేది యెవరి కవనమో విడదీయుట పండితులకును శక్యము గాదు. శ్రవణానందము, బుద్ధచరిత్రము, పాండవోద్యోగ విజయములు మొదలగు గ్రంథములన్నియు నిట్లే యుమ్మడి పేరున వెలువడినవి. ఆ కలయికయే శాస్త్రిగారికి కీర్తి దెచ్చెను. ఆ కలయికయే తరువాత వారిని మరుగుపరచెను.

1920లో శాస్త్రిగారు నలువదియెనిమిదవ యేట స్వర్గస్థులైరి. వేంకటశాస్త్రిగారు మరి ముప్పదేండ్లు జీవించిరి. బందరు పాఠశాలలో విశ్వనాథ సత్యనారాయణగారివంటి శిష్యులు వారికి లభించిరి. 1949లో మదరాసు ప్రభుత్వమువారి యాస్థానకవి పదవియు లభించెను. తాము ఒంటరిగా రచించిన పద్యకృతులను సైతము వారు జంటపేరుననే ప్రకటించిరి. ఇంతటి మిత్రధర్మము మరియొక యెడ గానము. అయినను లోకము బ్రదికియున్నవారినే యెరుగును గదా! పూర్వపు ముచ్చటలన్నియు వారి కథలు-గాథలు మూలముననే మనకు దెలిసినవి. పోయినవారు తమ కథ తాము చెప్పుకొనుటకు లేకపోయిరి. ఇంతలో భావకవిత్వము ప్రబలి, అవధానకవనము వట్టి గారడియను వారును బయలుదేరిరి. ఆ మాట మాకు సమ్మతము గాదు. గారడియే యైనచో పాండవనాటకముల రాయబార పద్యములను పల్లెటూళ్ల జనము రాత్రులు మేల్కొని వినియుండరు. 1977 నాటి దానవీరశూరకర్ణ చిత్రమునకు నా పద్యములు కావలసియుండవు. కాని యా పద్యములు పాడువారిలో నెందరికి శాస్త్రిగారి యింటిపేరు దెలియును?

వారి స్వహస్తలేఖలుగాని, అవధాన పద్యముల వ్రాతప్రతులుగాని, ఛాయాపటములుగాని యెవరియింటనైన నున్నచో సంఘ కార్యదర్శిగారికి దెలుప బ్రార్థన. ఇంటి యటకలపై చెదలకు విడువక ముందే వానికి నకళ్లు వ్రాయింప దలచితిమి. అందులకగు వ్యయమును భరింపగల పోషకులును ముందునకు రావలెనని కోరుచున్నాము.