భూమిని కొలిచిన లాంబ్టన్

పటముపై నొక గ్రామమును చుక్కతో గుర్తించుట సులభము. ఆ చుక్క సరియైన చోటనే యున్నదని నిరూపించుట మాత్రము మిక్కిలి కష్టము. అట్టి కార్యమునకై తన జీవితమున ఇరువదియేండ్లకు పైగా ధారపోసి, ఆ పనిమీద పయనించుచునే దేహము చాలించిన మహనీయుడు విలియం లాంబ్టన్.

లాంబ్టన్ పదునెనిమిదవ శతాబ్ది మధ్యకాలమున, ఇంగ్లండులోని యార్క్‌షైరు ప్రాంతమున, ఒక సామాన్య కర్షక కుటుంబమున జన్మించెను. గణితమునందు అతనికి ఆసక్తి మెండు. 1781లో సైన్యమున చేరి ఉత్తర అమెరికాకు వెళ్ళెను. అచట భూములను కొలుచు పనిలో అనుభవము గడించెను. ఒకనాడు సూర్యగ్రహణమును పరిశీలించుచుండగా అతని యొక కంటి చూపు చెడెను. అయినను ఆకాశమును పరిశీలించుట అతడు మానలేదు. 1796లో అతడు తన పటాలముతో భారతదేశమునకు వచ్చెను. 1799లో జరిగిన మైసూరు యుద్ధమున ఒక రాత్రి ఇంగ్లీషు దండు దారితప్పి శత్రువులున్న దిక్కునకే సాగిపోవుచుండెను. లాంబ్టన్ నక్షత్రములనుబట్టి ఆ సంగతి గ్రహించి సేనానికి తెలిపెను. సేనాని మొదట నమ్మలేదు. దిక్సూచి తెప్పించి చూడగా లాంబ్టన్ చెప్పినదే నిజమని తేలెను.

యుద్ధము ముగిసిన పిదప అతడు మద్రాసు ప్రభుత్వమునకు ఒక విన్నపము చేసికొనెను. ఒక సముద్రతీరమునుండి రెండవ సముద్రతీరమువరకు దేశమును గణితశాస్త్ర పద్ధతిలో కొలిచి, ముఖ్యస్థలముల ఉనికిని నిర్ణయింపవలెనని దాని సారాంశము. తాము గెలిచిన దేశమును పాలించుటకును, పన్నులు వసూలుచేయుటకును, సైన్యములను నడపుటకును కంపెనీవారికి సరియైన పటములు కావలసియుండెను. లాంబ్టన్ మనస్సు అంతటితో తృప్తిపడలేదు. భూగోళము ధ్రువములవద్ద ఎంతమేరకు అణగియున్నదో తెలిసికొనవలెనని అతని కోరిక. ప్రభుత్వము 1800లో అనుమతి నొసగెను.

అతడు అవలంబించిన పద్ధతి ఇట్టిది. విశాఖపట్టణమునకు ఉత్తరమున గోస్తనీనదీ తీరమునందు తగరపువలస యను ఊరు కలదు. ఆ ఊరి బాలుడొకడు, నది దాటకయే ఆవలి యొడ్డున నున్న చెట్టు ఎంత దూరమో తెలిసికొనగోరెననుకొందము. అతడు ఈవలి యొడ్డున ఒక సరళరేఖను జాగ్రత్తగా కొలువవలెను. పిదప ఆ రేఖ రెండు కొనలనుండియు చెట్టును చూచి కోణములను గుర్తింపవలెను. ఒక భుజమును, దాని కొనలయందలి రెండు కోణములును తెలిసినచో, తక్కిన భుజముల పొడవు గణితమువలన లభించును. ఆ భుజము మీద మరియొక త్రిభుజమును, దానిమీద వేరొకదానిని నిర్మించుకొనుచు పోవచ్చును. మొదటి రేఖకు ఆధారరేఖ యని పేరు. అందు దోషమున్నచో ఆ దోషము త్రిభుజములన్నిటను ప్రవేశించును.

కొలతకు కావలసిన సాధనములు పలు సముద్రములు దాటి వచ్చినవి. అతని ఉక్కుగొలుసు మొదట చైనా చక్రవర్తికి కానుకగా పంపబడినది. అచట అది స్వీకరింపబడక కలకత్తాకు చేరినది. కోణములను కొలుచు థియొడొలైట్ అను యంత్రము లండనులో తయారైనది. దాని బరువు సుమారు అర టన్ను. దానిని తెచ్చుచున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ దీవికి కొనిపోయిరి. ఆ కాలమున ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములకు బద్ధవైరము. అయినను అది శాస్త్రసాధనమని తెలిసిన పిమ్మట ఫ్రెంచివారు దానిని మర్యాదతో మద్రాసునకు పంపివేసిరి.

1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు సమీపమున సెయింట్ థామస్ కొండవద్ద ఆధారరేఖ కొలత ప్రారంభమైనది. ఏడున్నర మైళ్ళ రేఖను కొలుచుటకు 57 దినములు పట్టినది. ఎండవేడికి ఉక్కు వ్యాకోచించును. కావున గొలుసును పెట్టెలలో నుంచి, ఉష్ణమాపకములతో వేడిమిని గుర్తించుచు, లెక్కను సరిదిద్దుకొనుచు పోయిరి. అటుపిమ్మట కొండశిఖరములును గోపురములును వారికి త్రిభుజముల కొనలైనవి. ఆ బరువైన యంత్రమును మోసినవారును, శిఖరములపై ధ్వజములు పట్టి నిలిచినవారును మన దేశీయులే. వారి పేర్లు చరిత్రలో నిలువలేదు. 1808లో తంజావూరు గోపురముపైకి ఎత్తుచుండగా త్రాడు తెగి, థియొడొలైట్ గోడకు తాకి వంగిపోయెను. లాంబ్టన్ నిరాశ చెందలేదు. కొన్ని వారములు గుడారమునందే కూర్చుండి దానిని తన చేతులతో బాగుచేసెను.

ఈ పని వ్యర్థమని కొందరు ఆక్షేపించిరి. శ్రీరంగపట్టణము పోగోరువాడు పల్లకీ బోయీలతో చెప్పిన చాలును, పటమెందుకని ఒక అధికారి హేళన చేసెనట. అయితే మద్రాసునుండి పడమటి తీరమువరకు కొలిచి చూడగా, ద్వీపకల్పపు వెడల్పు పూర్వపు పటములలో 40 మైళ్ళు హెచ్చుగా చూపబడినదని వెల్లడియైనది. దానితో ఆక్షేపణలు అణగినవి.

లాంబ్టన్ తన ఫలితములను దాచుకొనలేదు. ఫ్రాన్సు, ఇంగ్లండు, స్వీడను దేశములలో జరిగిన కొలతలతో వానిని పోల్చి, భూమి ఆకారమును లెక్కకట్టి, లండనులోని రాయల్ సొసైటీకి పంపెను. ఆ వ్యాసము 1818లో ప్రకటితమైనది. ఒకనాటి శత్రుదేశమైన ఫ్రాన్సునందలి విజ్ఞాన పరిషత్తు 1817లోనే అతనిని సభ్యునిగా గౌరవించెను. అదే 1818లో ఈ కార్యమునకు భారత మహా త్రికోణమితి సర్వే యని పేరు వచ్చినది. ఆ యేటి చివర జార్జి ఎవరెస్టు హైదరాబాదులో అతని సహాయకుడుగా చేరెను. మరుసటి సంవత్సరము కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతకు పోయిన ఎవరెస్టును, అతని పరివారమును విషజ్వరము పీడించెను. పలువురు మంచముపట్టిరి. 

లాంబ్టన్ కొలిచిన దేశము 1,65,000 చదరపు మైళ్ళకు పైబడినది. డెబ్బదియేండ్లు సమీపించిన ఆ వృద్ధుడు హైదరాబాదునుండి నాగపూరునకు పయనించుచు, 1823 జనవరి 20వ తేదీన హింగన్‌ఘాట్ అను చోట మరణించెను. అతని సమాధి అచటనే కలదు.

అతడు చూపిన మార్గమున అతని అనంతరము పని సాగినది. 1862-63లో కెప్టెన్ బసెవి విశాఖపట్టణపు ఆధారరేఖను కొలిచెను. దట్టమైన అడవులగుండ 480 మైళ్ళ దూరముననున్న కలకత్తా ఆధారరేఖనుండి త్రిభుజములద్వారా లెక్కించిన పొడవునకును, నేలపై కొలిచిన పొడవునకును కలిగిన భేదము అర అంగుళము మాత్రమే.

నేడు ఉపగ్రహములు భూమిని కొలుచుచున్నవి. అయినను పరస్పర సహకారము మునుపటికంటె ఎక్కువగా అవసరమైనది. భారత భూఖండము ఏటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యముగా కదలుచున్నది. లాంబ్టన్ నాటిన గుర్తులు సైతము దానితోపాటు కదలుచున్నవి. పడవలోనున్నవాడు గట్టును చూడక తన గమనమును తెలిసికొనలేడు. అటులనే ఏ దేశమును తనంత తాను తన ఉనికిని సరిగా కనుగొనలేదు. కావుననే వేర్వేరు ఖండములలోని రేడియో దూరదర్శినులు అతిదూరపు జ్యోతులను ఏకకాలమున పరిశీలించి, ఫలితములను పంచుకొనుచున్నవి. సుస్థిరాభివృద్ధికై ప్రపంచమంతటికిని ఒకే భూమాన ప్రమాణము ఉండవలెనని ఐక్యరాజ్యసమితి మహాసభ 2015 ఫిబ్రవరి 26వ తేదీన తీర్మానించెను. 2022 అక్టోబరులో భూస్థల సమాచారముపై ఐక్యరాజ్యసమితి ప్రపంచ మహాసభ హైదరాబాదులో జరిగెను. లాంబ్టన్ తన తుది సంవత్సరములు గడపిన నగరమునకే పలు దేశముల ప్రతినిధులు వచ్చి చర్చించిరి.

ఈ కొలతలు పండితుల వినోదమునకై యేర్పడినవి కావు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు తీరమును తాకెను. అట్టి వేళ ఏ పల్లె సముద్రమట్టమునకు ఎంత ఎత్తున నున్నదో, నదీజలము ఎంతవరకు ప్రాకునో ముందుగా తెలిసినపుడే జనులను సకాలమున మెరకకు చేర్చుట సాధ్యమగును. ఆ లెక్కలో ఒక గజము పొరపాటు జరిగినను ప్రాణములకు ముప్పు కలుగవచ్చును. అంగుళముల తేడాను సైతము లాంబ్టన్ ఎందుకు ఉపేక్షింపలేదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.