బ్రెగే - అతని పనివారు

పద్దెనిమిదవ శతాబ్దములో జేబుగడియారము గలవారికి నిత్యము ఒక విధి ఉండేది. నిద్రకు ముందు చిన్న తాళపుచెవి తీసి, గడియారపు రంధ్రములో పెట్టి తిప్పవలెను. మరచినచో మరునాటికి గడియారము నిలిచిపోవును. తాళపుచెవి పోయినచో అది వట్టి ఆభరణమే. మనిషి నడకయే గడియారమునకు కీ ఇచ్చునట్లు చేయరాదా అని ఆ కాలపు పనివారు కొందరు ఆలోచించినారు. స్విట్జర్లాండులో పెర్లే, లియేజ్ నగరములో సార్తోన్ అట్టివి చేసినవారే. వారిలో మొదటివాడెవరన్న వాదము నేటికిని తెగలేదు. ఆ యంత్రమును నమ్మదగినదిగా తీర్చి రాజగృహములకు చేర్చినవాడు మాత్రము అబ్రహాం లూయీ బ్రెగే.

అతడు 1747 జనవరి 10న నేటి స్విట్జర్లాండులోని నషాతెల్‌లో జన్మించినాడు. చిన్ననాడే తండ్రి పోయినాడు. తల్లి మరల పెండ్లాడిన వ్యక్తిది గడియారముల కుటుంబము. అందుచేత బాలునికి ఆ విద్య తప్పలేదు. పదునైదేండ్ల వయసున ఫ్రాన్సు చేరి వెర్సాయిలో పని నేర్చినాడు. సాయంకాలములు పారిస్‌లోని మజరేన్ కళాశాలలో గణితము చదివినాడు. 1775లో వివాహమాడి, సేన్ నది నడుమ దీవిలో గడియారపు రేవు అను వీథిలో అంగడి తెరచినాడు.

1780లో ఓర్లియన్సు ప్రభువునకు, 1782లో రాణి మేరీ ఆంత్వనెత్‌కు తనంత తాను కీ తీసికొను గడియారములను అతడు సమకూర్చినాడు. వానిలోని ఏర్పాటు వినుటకు సులభమే. లోపల ఒక ప్లాటినం బరువు కీలుపై ఆడుచుండును; చిన్న స్ప్రింగు దానిని పైకి పట్టి ఉంచును. నడచువాని అడుగు పడినప్పుడెల్ల అది క్రిందికి ఊగి మరల లేచును. ఆ ఊపు పళ్లచక్రముల ద్వారా ప్రధాన స్ప్రింగును చుట్టును. అది నిండుగా చుట్టుకొనగానే ఒక గడియ పడి బరువును కదలనీయదు. ఆ పిమ్మట తీసి బల్లపై పెట్టినను గడియారము 60 గంటలు నడచును.

చేయుట మాత్రము సులభము కాదు. బరువును పట్టి ఉంచు స్ప్రింగు బిగువైనచో మెల్లగా నడచువాని జేబులో అది కదలదు. వదులైనచో టపటప కొట్టుకొనును. ఆ తూకము పుస్తకములో దొరకునది కాదు, పనివాని వ్రేళ్లలో ఉండవలెను. అట్టి వ్రేళ్లు యూరపు మొత్తముమీద కొద్దిమందికే ఉండెను. బ్రెగే వారిని వెదకి తెచ్చుకొన్నాడు, నిలుపుకొన్నాడు. పనివాడు తెచ్చిన లెక్క చివర 0 ఉన్నచో, పని నచ్చినప్పుడు దానికి తోక దిగదీసి 9 చేసి పైకమిచ్చేవాడని చెప్పుదురు. కొద్ది నాణెముల మాటే కావచ్చును. కాని మెచ్చుకోలు ఏ అంకెలో పడినదో పనివాడు ఇంటికి పోయి భార్యకు చూపగలడు గదా! కోపెన్‌హేగన్ నుండి యుర్గెన్సన్ వచ్చి అతని చెంత పని చేసినాడు. లండనులో ప్రఖ్యాతుడైన జాన్ ఆర్నల్డు తన కుమారుని అతనికే అప్పగించినాడు. పోటీదారుడు కన్నకొడుకును శిష్యునిగా పంపుట లోకములో అరుదు.

ఇంతలో విప్లవము వచ్చినది. రాజగృహములకు గడియారములమ్మినవాడు అనుమానమునకు గురి కాక తప్పునా? విప్లవనాయకుడు మారా అతనికి మిత్రుడు. ఒకనాడు అల్లరిమూక నుండి మారాను ముసలమ్మ వేషములో తప్పించినది బ్రెగేయేనని కథ. ఆ మిత్రుని సాయముతో అనుమతిపత్రము దొరకి, 1793లో కుటుంబముతో స్విట్జర్లాండు చేరినాడు. లే లోక్ల్‌లో కొద్దిమందితో చిన్న పనిశాల నడిపినాడు. పారిస్‌లోని పనిశాల చెదరిపోయినది.

1795లో అతడు తిరిగి వచ్చినాడు. ప్రభుత్వమునకును గడియారములు చేయువారు కావలసియుండిరి. అప్పుడు బ్రెగే తన అంగడిని ప్రభుత్వవ్యయముతో బాగుచేయించుమని కోరినాడు. దానితోపాటు తన పనివారిని సైన్యములోనికి పట్టుకొనిపోరాదని కోరినాడు. రెండును నెరవేరినవి. గోడలు ఏ మేస్త్రీయైన కట్టును. ఇరువదేండ్లు సానపట్టిన చేయి యుద్ధములో పోయినచో మరల ఎవడు తెచ్చును?

కొనువారు మునుపటి ప్రభువులు కారు. ఒకే ముల్లు గల సాదా గడియారమును ప్రకటించి, వెలలో నాల్గవవంతు ముందుగా పుచ్చుకొన్నాడు. పనిశాల మరల నిండినది. తనంత తాను కీ తీసికొను గడియారములు మాత్రము క్రమముగా తగ్గినవి. వాని వెలయు శ్రమయు అట్టివి. 1801లో టూర్బియాన్‌కు పేటెంటు, 1816లో శాస్త్రపరిషత్తు సభ్యత్వము లభించినవి. 1823 సెప్టెంబరు 17న మరణించినాడు.

ఒక పని మిగిలిపోయినది. రాణి కొరకు 1783లో, వ్యయమునకు గాని కాలమునకు గాని హద్దు లేక కోరబడిన 160వ సంఖ్య గడియారము అది. అదియు నడకతో కీ తీసికొనునదే. రాణి 1793లోనే వధింపబడినది. అయినను పనిశాల దానిని విడువలేదు; బ్రెగే పోయిన నాలుగేండ్లకు, 1827లో, అతని కుమారుని కాలమున అది పూర్తియైనది. 1983లో జెరూసలేములోని ప్రదర్శనశాల నుండి దానిని దొంగలెత్తుకొనిపోయిరి. మరల దొరకినదన్న వార్త 2007లో వెలువడినది.