బడి నుంచి ఊరికి వచ్చిన బిర్సా

బిర్సా ముండా అనగానే మనకి విల్లంబులే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన కూడా మనలాగే ఇల్లు విడిచి చదువుకున్న పిల్లాడే అన్న సంగతి ముందు నచ్చింది. అందుకే ఈసారి గోడపత్రికకి ఆయన గురించి రాస్తున్నాను.

బిర్సా 1875 నవంబరు 15న ఉలిహతు అనే ఊళ్ళో పుట్టాడు. అది ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది. తండ్రి సుగానా, తల్లి కర్మి. ఇంట్లో తిండికి కష్టమై పిల్లాణ్ణి కొన్నాళ్ళు మేనమామల ఊళ్ళో, కొన్నాళ్ళు పిన్ని ఇంట్లో ఉంచారు. మేకలు కాసేవాడు. పుస్తకం ధ్యాసలో పడి మేకల్ని వదిలేస్తే దెబ్బలు కూడా తిన్నాడు. పిల్లనగ్రోవి బాగా ఊదేవాడట. తరవాత చైబాసాలో జర్మన్ మిషన్ బడిలో చేరి 1890 దాకా చదివాడు. అక్కడి దొరలు ముండా సర్దార్లని తప్పుపడితే ఎదురు మాట్లాడాడని, అందుకే ఆ బడి వదలాల్సి వచ్చిందని చెబుతారు.

ఆ సర్దార్లు ఎవరంటే, పోయిన భూముల కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టిన పెద్దలు. ముండాల ఊళ్ళలో అడవి కొట్టి పొలం చేసిన వంశానికే ఆ నేల చెందేది. దాన్ని ఖుంట్‌కట్టి అంటారు. దానికి కాగితం ఉండేది కాదు. పైనుంచి వచ్చిన జమీందార్లు, వడ్డీ వ్యాపారులు కాగితాలు పుట్టించారు. వీళ్ళని ముండాలు దికూలు అనేవారు. కోర్టు భాష ముండాలకి రాదు. సొంత పొలంలోనే కౌలుదార్లయ్యారు, పైగా వెట్టి కూడా చెయ్యాలి.

ఇది రాస్తుంటే మా అయ్య వేలిముద్ర వేసిన కాగితం గుర్తొచ్చింది. నేను ఏడో తరగతిలో ఉండగా సెలవుల్లో ఒక షావుకారు దాన్ని మా ఇంటికి తెచ్చాడు. నాకు చదవడం వచ్చు. కానీ పెద్దల మధ్య అడగటానికి సిగ్గేసి ఊరుకున్నాను.

బిర్సా ఊరుకోలేదు. 1894లో అడవి పన్ను మాఫీ చెయ్యమని రైతులతో కలిసి చైబాసా వెళ్ళాడు. అప్పటికి ఆయనకి ఇంకా పంతొమ్మిది నిండలేదు. మరుసటేడు నుంచి ఊరూరా జనం ఆయన మాట వినసాగారు. రోగం వచ్చిన ఇళ్ళకి అందరూ భయపడి పోకపోతే తాను పోయి సేవ చేశాడు. తాగుడు మానమన్నాడు, శుభ్రంగా ఉండమన్నాడు, మంత్రగాళ్ళని నమ్మొద్దన్నాడు. జనం ఆయన్ని ధర్తీ ఆబా, అంటే భూమి తండ్రి అన్నారు. తనకి దైవశక్తి ఉందని కూడా ఆయన చెప్పుకున్నాడు. అది నాకు అంతగా రుచించదు. రోగుల పక్కన కూర్చోడమే నాకు పెద్దగా కనిపిస్తుంది.

1895లో సర్కారు పట్టుకుని రెండేళ్ళు జైల్లో పెట్టింది. బయటికొచ్చాక డోంబారి కొండ మీద రాత్రిపూట సభలు పెట్టి మనుషుల్ని కూడగట్టాడు. 1899 డిసెంబరు చివర్లో ఉల్‌గులాన్ మొదలైంది, అంటే పెద్ద తిరుగుబాటు. 1900 జనవరి 9న సైల్ రకాబ్ కొండ దగ్గర సైన్యం కాల్చింది. బాణాలు తుపాకుల ముందు ఎంతసేపు నిలుస్తాయి? ఆడవాళ్ళు కూడా చనిపోయారు. బిర్సా తల మీద అయిదు వందల రూపాయల బహుమానం పెట్టారు. ఆ డబ్బుకి ఆశపడి మనవాళ్ళే పట్టించారు. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. 1900 జూన్ 9న రాంచీ జైల్లో ఆయన చనిపోయాడు. కలరా అని సర్కారు రాసింది. పాతికేళ్ళు కూడా నిండలేదు.

తరవాత 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది. మన ఏజెన్సీలో 1/70 చట్టం కూడా అలాంటిదేనని సోషల్ సారు చెప్పారు. అది 1970లో వచ్చింది.

మా అయ్య కాగితం 1970 తరవాతిదే. ఏం అడగాలో సారు ఒక చీటీ మీద రాసిస్తానన్నారు. ఎండాకాలం సెలవుల్లో షావుకారు దగ్గరికి నేనూ అయ్యా కలిసి వెళ్తాం.