మోక్షగుండం విశ్వేశ్వరయ్య

నల్లమల కొండలకు తూర్పున, గిద్దలూరు ప్రాంతమున మోక్షగుండమను గ్రామము కలదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు ఆ ప్రాంతము కర్నూలు జిల్లాలోనిదే. ఆ గ్రామమునుండి పూర్వకాలమున ఒక కుటుంబము మైసూరు రాజ్యమునకు తరలిపోయెను. వారు ఊరు విడిచిరి గాని, ఊరి పేరును విడువలేదు. ఇంటిలో తెలుగు మాటను మరువలేదు. ఆ వంశమున 1861 సెప్టెంబరు 15వ తేదీన ముద్దెనహళ్ళిలో విశ్వేశ్వరయ్య జన్మించెను. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ.

బాల్యముననే తండ్రి మరణించెను. ఇంట సంపద లేదు. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చిన పైకముతో ఆయన చదువు సాగించెను. అట్టి దినములలోనే, 1876లో, ధాత కరువు దక్షిణదేశమును చుట్టుముట్టెను. కర్నూలు, కడప, బళ్ళారి సీమలలోను, మైసూరులోను చెరువులు ఎండిపోయెను. లక్షలాది ప్రజలు అసువులు బాసిరి. నీరు నిలువనిచోట బ్రతుకు నిలువదని ఆ తరము వారికి ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

1881లో పట్టభద్రుడై, ఆయన పూనా నగరమున ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వమున ఉద్యోగియయ్యెను. 1898లో సెలవు తీసికొని జపాను దేశమును చూడబోయెను. ఆనాడు విదేశయాత్ర యనగా చదువుకొన్నవారి చూపు ఇంగ్లండువైపే పోవుచుండెను. ఆయన ఆసియాఖండపు దేశమునే మొదట ఎన్నుకొనెను.

జపాను కొండల దేశము, ఖనిజసంపద స్వల్పము. 1868కి పూర్వము అది సామంతప్రభువుల ఏలుబడిలో నుండెను. పిమ్మట మెయిజీ చక్రవర్తి ప్రభుత్వము సామంతరాజ్యములను రద్దుచేసెను. 1872లో పల్లెపల్లెకును బడి యుండవలెనని శాసించెను. ఆ సంవత్సరముననే టోకియో నగరమునుండి యోకొహామాకు రైలు నడిచెను. తొమియోకాలో ప్రభుత్వమే పట్టుమిల్లును నెలకొల్పెను. విదేశీ నిపుణులను పిలిపించి, వారి విద్య నేర్చుకొని, పిమ్మట ఆ పనులను స్వదేశీయులకే అప్పగించెను. అయితే ఈ మార్పునకు కావలసిన ధనములో అధికభాగము రైతులు చెల్లించిన భూమిశిస్తే. మిల్లులలో పడుచులు దీర్ఘకాలము శ్రమించిరి. అభ్యుదయము ఊరక లభించలేదు.

ముప్పది యేండ్లలో ఒక పేదదేశము ఇట్లు లేచి నిలిచినప్పుడు, మనదేశము ఏల నిలువరాదు? ఈ ప్రశ్న ఆయనను జీవితాంతము విడువలేదు.

1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేయగా, నిజాము ప్రభుత్వము ఆయనను రావించెను. ఆయన సూచించిన వరదనివారణ పథకము ననుసరించియే ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వెలసెను. 1909లో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరయ్యెను. 1911లో కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణము ఆరంభమయ్యెను. 1912లో దివాను పదవి లభించెను. జపానులో చూచినదానిని ఆచరణలో పెట్టుటకు ఇదియే అదనుగా ఆయన తలచెను. 1913లో ప్రాథమికవిద్యాశాసనము, మైసూరు బ్యాంకు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము. పిమ్మట చందనతైలపు కర్మాగారము, భద్రావతి ఇనుప కార్ఖానా ఆయన కృషివలన రూపొందినవే.

కాని ఆయన మాటయే సర్వత్ర చెల్లలేదు. 1918లో, వెనుకబడిన వర్గములకు ఉద్యోగములలో తగిన స్థానము కల్పించుటకై మహారాజు మిల్లరు కమిటీని నియమించెను. ఉద్యోగములకు అర్హతయే ప్రమాణమని దివాను వాదించెను. అర్హత సంపాదించు అవకాశమే తరతరములుగా లేనివారికి అది న్యాయమెట్లగునని ఇతరులు అడిగిరి. ఆ భేదము తీరలేదు. ఆయన పదవిని వదలుకొనెను. కాలక్రమమున దేశము ఆ రెండవ వాదమునే ఆదరించెను.

పదవి పోయినను పని ఆగలేదు. 1919లో ఆయన మరల జపాను చూచి, లోకమంతయు చుట్టివచ్చెను. 1934లో ఆర్థికప్రణాళికను గురించి గ్రంథము ప్రకటించి, పరిశ్రమల స్థాపనకు దారి చూపెను. ఆ పిదప జపాను పాలనము సేనానుల చేతిలో పడెను. 1945 నాటి యుద్ధాంతమునకు ఆ దేశపు నగరములు బూడిదయయ్యెను. అయినను బడిలో నేర్చిన విద్యయు, చేతిలోని పనితనమును మిగిలియుండుటచే ఆ దేశము తిరిగి కోలుకొనెను.

1955లో విశ్వేశ్వరయ్యకు భారతరత్న బిరుదము లభించెను. 1962 ఏప్రిలులో, నూరేండ్లు నిండిన పిదప, బెంగుళూరున ఆయన కన్నుమూసెను. ఆయన జన్మదినమును మనదేశమున ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు. వాన కొరకు ఆకాశమువైపు చూచు సీమలోని బాలబాలికలకు ఆయన జీవితము ఒక సంగతి తెలుపుచున్నది: కరువు దైవికము కావచ్చును, దానికి తలయొగ్గి ఊరకుండుట మాత్రము మనుష్యుని తప్పిదమే.